కర్త లేని వాక్యాలు

అంతర్జాతీయ సంస్థల గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అనుకోవచ్చు. అది రాజనీతి శాస్త్రం వాళ్ల పని అని వాళ్ల అభిప్రాయం. నా అభిప్రాయం వేరు. ఐక్యరాజ్య సమితికి సొంత సైన్యం లేదు. పన్ను వేసే అధికారం లేదు. సభ్యదేశాలు పంపితే సిపాయిలుంటారు, చందా కడితే జీతాలుంటాయి. తనదంటూ దానికి ఉన్నది ఒక్కటే, వాక్యం. ఒడంబడిక, తీర్మానం, నివేదిక, ప్రకటన అన్నీ వాక్యాలే. వాటిలో ఒక్కొక్క మాట కోసం ప్రతినిధులు తెల్లవార్లూ తగాదాపడతారు. అంత తగాదాపడి రాసిన వచనాన్ని, వచనం చదవడమే పనిగా పెట్టుకున్న మనం చదవకపోతే ఎట్లా?

నేను బడిలో తెలుగు చెబుతాను. కర్తరి, కర్మణి ప్రయోగాల తేడా పుస్తకంలోని ఉదాహరణలతో పిల్లలకు ఎక్కదు. “కిటికీ అద్దం పగిలింది” అని నల్లబల్ల మీద రాసి, “ఎవరు పగలగొట్టారు?” అని అడిగితే మాత్రం తరగతి మొత్తం నవ్వుతుంది. పగలడానికీ పగలగొట్టడానికీ మధ్య ఎవడో ఒకడు దాక్కున్నాడని వాళ్లకు వ్యాకరణం రాకముందే తెలుసు. “చేయబడినది” అన్న ప్రయోగం మన వాడుక భాషకు అంత సహజం కాదు. కచేరీ కాగితాలూ, పత్రికల అనువాదాలూ దాన్ని పెంచి పోషించాయి. “కాల్పులు జరపబడ్డాయి” అని చదివితే చచ్చినవాళ్ల లెక్క తెలుస్తుందిగాని కాల్చినవాడెవడో తెలియదు.

ఈ నూరేళ్ల అంతర్జాతీయ సంస్థల చరిత్రను కూడా ఈ కోణంలోంచి చదవవచ్చు. వాక్యంలో కర్త ఉన్నాడా? క్రియ ఎవరినైనా కట్టిపడేస్తున్నదా, లేక గాలిలో వేలాడుతున్నదా? ఇట్లా చదివితే వాటి గెలుపులూ ఓటములూ కొంత స్పష్టంగా కనిపిస్తాయి. అన్ని సంస్థలనూ ఏకరువు పెట్టను. దక్షిణాఫ్రికా కథను గట్టిగా పట్టుకుంటాను. నానాజాతి సమితి పుట్టిన నాటి నుంచి ఐక్యరాజ్య సమితికి యాభై ఏళ్లు నిండవచ్చేదాకా ఆ కథ తెగకుండా నడిచింది. అందులో మన తెలుగువాళ్ల చెయ్యి కూడా ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919లో పారిస్‌లో శాంతిసభ జరుగుతున్నప్పుడు జపాన్ ఒక చిన్న మాట అడిగింది. నానాజాతి సమితి ఒడంబడికలో జాతుల సమానత్వాన్ని చేర్చమన్నది. ఏప్రిల్ 11న ఓటు పెడితే 17 మందిలో 11 మంది సరేనన్నారు. అధ్యక్షస్థానంలో ఉన్న అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఇటువంటి విషయానికి ఏకగ్రీవం కావాలని చెప్పి దాన్ని పక్కన పెట్టాడు. (ఆ రోజుల్లోనే జపాన్ కొరియాలో స్వాతంత్ర్యం అడిగినవాళ్లను కాల్చి చంపుతున్నదని మరిచిపోకూడదు. సమానత్వం అడిగినవాడు తన కిందివాడికి ఇద్దామని అడగలేదు.)

సమానత్వం పోయిందిగాని 22వ అధికరణం చేరింది. ఆధునిక ప్రపంచపు ఒత్తిడిలో తమ కాళ్లమీద తాము ఇంకా నిలబడలేని జాతుల బాగోగులు చూడడం నాగరికత మీద ఉన్న పవిత్ర బాధ్యత అని దాని సారాంశం. మాట గొప్పగానే ఉంది. కాని ఇక్కడ కర్త “నాగరికత”. నాగరికత ఏ ఊళ్లో ఉంటుంది? బాధ్యత నెరవేర్చకపోతే ఎవరిమీద దావా వెయ్యాలి? వాక్యంలో లేదు.

ఈ ఏర్పాటును మలచినవాళ్లలో ముఖ్యుడు దక్షిణాఫ్రికా నాయకుడు యాన్ స్మట్స్. జర్మనీ చేతిలోంచి లాక్కున్న నైరుతి ఆఫ్రికా, అంటే నేటి నమీబియా, 1920లో అతని దేశానికే దక్కింది. సంరక్షిత ప్రాంతాల్ని మూడు తరగతులు చేశారు. ఇది మూడో తరగతి. సంరక్షక దేశం దాన్ని తన భూభాగంలో ఒక ముక్కలాగే పాలించుకోవచ్చు. 1922లో అక్కడి బోండెల్‌స్వార్ట్ జనం మీద కుక్కల పన్ను వేశారు. వేట మీదా పశువుల మీదా బతికేవాళ్లకు కుక్క విలాసం కాదు, చేతికర్ర వంటిది. వాళ్లు ఎదురుతిరిగితే స్మట్స్ ప్రభుత్వం విమానాలు పంపి బాంబులు వేయించింది. ఆడవాళ్లూ పిల్లలతో సహా సుమారు వందమంది చనిపోయారు. జెనీవాలో హైతీ ప్రతినిధి దాంతే బెల్గార్డ్ లేచి నిలదీశాడు. సంరక్షణ సంఘం విచారించింది, తప్పుపట్టింది. తప్పుపట్టడం అన్న క్రియ తర్వాత మరో క్రియ లేకపోయింది.

అయితే ఆ సంవత్సరాల కాగితాలన్నీ ఇటువంటివే అనడం అన్యాయమవుతుంది. 1919లోనే పుట్టిన అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టన్‌లో మొదటిసారి సమావేశమై మొదటి ఒడంబడికగా పనిగంటలను తీసుకుంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు. చదివి సంతోషించబోతుంటే 10వ అధికరణం అడ్డుపడుతుంది. బ్రిటిష్ ఇండియాలో వారానికి 60 గంటలట! లండన్ కార్మికుడికి 48, బొంబాయి కార్మికుడికి 60. ఎండ ఎక్కువ కాసే చోట గడియారం కూడా సాగుతుంది కాబోలు. మన కార్మికుల తరఫున ఆ సభకు ఎన్.ఎం. జోషి వెళ్లాడు.

అవమానకరమైన అంకె అది. అయినా అంకె. “న్యాయమైన పనిగంటలు” అని రాసి ఉంటే ఎవడి న్యాయం వాడు చెప్పుకునేవాడు. 60 అని రాశారు కాబట్టి 61వ గంటను చూపించి అడగవచ్చు. అంతకుముందు బట్టల మిల్లుల్లో మగవాళ్లచేత రోజుకు 12 గంటలు పనిచేయించుకోవడానికి చట్టం అనుమతించేది. 1922లో ఫ్యాక్టరీల చట్టం సవరించి 60 గంటలు చేశారు. 1934లో 54, 1946లో 48. ఇరవై ఏడేళ్లు పట్టింది. అంకె తనంతట తాను దిగలేదు, సమ్మెలు దించాయి. ఇంకో విశేషం చూడండి. ఆ సంస్థకు కార్మిక ప్రతినిధిని పంపాలంటే పంపడానికొక సంఘం ఉండాలి కదా! 1920 అక్టోబర్ 31న అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. జెనీవాలో ఒక ఖాళీ కుర్చీ వెయ్యడం వల్ల, ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న పుట్టి, బొంబాయిలో ఒక సంఘం లేచి నిలబడింది. అంతర్జాతీయ సంస్థలు చేసిన మేలుల్లో ఈ రకం మేలును చరిత్రకారులు తక్కువగా లెక్కపెడతారని నాకనిపిస్తుంది.

నానాజాతి సమితి ఓటమి గురించి చెప్పేటప్పుడు అందరూ మంచూరియా, అబిసీనియా అంటారు. మంచూరియా విషయంలో 1933 ఫిబ్రవరిలో సమితి జపాన్‌ను తప్పుపట్టింది, జపాన్ ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు. అంతకంటే చెప్పేదేమీ లేదు. అబిసీనియా దగ్గర మాత్రం ఆగాలి. 1935 అక్టోబర్ 3న ముస్సోలినీ సేనలు ఆ దేశంలోకి చొరబడ్డాయి. ఈసారి సమితి క్రియ వాడింది, ఆంక్షలు విధించింది. ఇటలీకి ఎగుమతి చెయ్యకూడని వస్తువుల జాబితా తయారైంది. ఆ జాబితాలో గుర్రాలున్నాయి, కంచరగాడిదలున్నాయి, ఒంటెలున్నాయి. పెట్రోలు లేదు. బొగ్గు లేదు. ఉక్కు లేదు. లారీలూ విమానాలూ వేసుకుని వచ్చిన సైన్యానికి కంచరగాడిదలు అమ్మకూడదని యాభైకి పైగా దేశాలు పట్టుదలగా నిలబడ్డాయన్నమాట. సూయజ్ కాలువ తెరిచే ఉంది. ఇటలీ ఓడలు సుంకం కట్టి దర్జాగా సాగిపోయాయి.

1936 మే 5న అడిస్ అబాబా పడిపోయింది. జూన్ 30న చక్రవర్తి హైలే సెలాసీ జెనీవా సభలో నిలబడ్డాడు. ఇటలీ విలేఖరులు ఈలలు వేసి అల్లరి చేశారు. వాళ్లను బయటికి పంపేదాకా అతను కదలకుండా నిలబడి, తర్వాత తన భాష అమ్హారిక్‌లో మాట్లాడాడు. అతనికి ఫ్రెంచి వచ్చు, అయినా మాట్లాడలేదు. తన దేశంలో అతను భూస్వాములకు పెద్ద భూస్వామి, ఆ లెక్క వేరే తేల్చాలి, తర్వాత అక్కడి ప్రజలే తేల్చారు. కాని ఆ రోజు ఉపన్యాసంలో కర్తలున్నారు. విషవాయువు ఎవరు చల్లారు, విమానాలు ఎన్నెన్ని బారులు తీరి వచ్చాయి, మాట ఇచ్చి తప్పింది ఎవరు అన్నీ చెప్పాడు. సభ సానుభూతితో విన్నది. రెండు వారాలు తిరగకుండా ఆంక్షలు ఎత్తేసింది.

ఇక రెండో ప్రపంచయుద్ధం తర్వాతి కథ. 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు సంతకాలు చేసిన ఐక్యరాజ్య సమితి చార్టరుకు ఒక ముందుమాట ఉంది. ప్రజలమైన మేము అని మొదలవుతుంది. మూల మానవహక్కులు, మనిషి గౌరవం, విలువ వంటి మాటలున్నాయి. ఆ ముందుమాటకు చిత్తుప్రతి రాసినవాడెవరు? మళ్లీ స్మట్సే! కుక్కల పన్ను కోసం బాంబులు వేయించినవాడే మానవహక్కుల మాట రాశాడు. దీన్ని కేవలం వంచన అని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో మరో సంగతి కనిపిస్తుంది. స్మట్స్ తన దృష్టిలో నిజాయితీగానే రాసి ఉంటాడు. అతని “మనిషి” అన్న మాటలో నల్లవాళ్లు లేరు, అంతే. రాసినవాడి తలలో ఉన్న అర్థం ఒకటి, కాగితం మీద పడ్డాక ఆ మాటకు ఇతరులు చెప్పే అర్థం మరొకటి. సాహిత్యం చదివేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

ఆ రెండో అర్థం చెప్పినవాళ్లు ఏడాది తిరిగేసరికి వచ్చారు. 1860 నుంచి 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయ కూలీలను నేటాల్ చెరకు తోటలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లు. విశాఖపట్నం, గంజాం వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఒప్పందం కాలం తీరాక అక్కడే నిలిచి, కూరగాయలు పండించి, చిన్న అంగళ్లు పెట్టుకున్న వీళ్ల పిల్లల మీద 1946లో స్మట్స్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. వాళ్లు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ కాపురముండవచ్చో గీత గీసింది. జనం దాన్ని “ఘెట్టో చట్టం” అన్నారు. డర్బన్‌లో సత్యాగ్రహం లేచింది, రెండువేల మంది దాకా జైళ్లకు వెళ్లారు. భారతదేశం ఇంకా స్వతంత్రం కాకముందే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుని ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసింది.

సర్వప్రతినిధి సభలో ఒకవైపు విజయలక్ష్మీ పండిట్, మరోవైపు స్మట్స్. ఇది మా ఇంటి వ్యవహారమని స్మట్స్ వాదం. చార్టరులో అందుకు తగిన అధికరణం కూడా ఉంది. ఒక దేశపు ఆంతరంగిక విషయాల్లో సమితి జోక్యం చేసుకోరాదని రెండో అధికరణం ఏడో పేరా చెబుతుంది. ఆమె ముందుమాటను చూపించింది. అంటే స్మట్స్ రాసిన వాక్యాన్ని స్మట్స్ మీదే ప్రయోగించింది. 1946 డిసెంబర్ 8న 32 ఓట్లు అనుకూలంగా, 15 వ్యతిరేకంగా పడ్డాయి, ఏడు దేశాలు తటస్థం. మూడింట రెండొంతులు వచ్చాయి. తీర్మానం చేసిందల్లా ఏమిటయ్యా అంటే, రెండు ప్రభుత్వాలూ వచ్చే సమావేశానికి నివేదిక ఇవ్వాలన్నది. మరుసటి ఏడాది అదీ నెగ్గలేదు. 1948లో స్మట్స్ ఓడిపోయాడు, అతనికంటే ఘోరమైన వర్ణవివక్షవాదులు గద్దెనెక్కారు.

ఆ సంవత్సరమే మానవహక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి అధికరణంలో “మగవాళ్లందరూ” అని కూడా అర్థమిచ్చే ఇంగ్లీషు మాటను మార్చి, “మనుషులందరూ” అనే మాట పెట్టించింది మన దేశపు ప్రతినిధి హంసా మెహతా. డిసెంబర్ 10న ఓటింగులో 48 దేశాలు అనుకూలం, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 8 దేశాలు తటస్థం. ఆ ఎనిమిదిలో దక్షిణాఫ్రికా ఉంది, సౌదీ అరేబియా ఉంది. సోవియట్ యూనియనూ దాని మిత్రదేశాలూ ఉన్నాయి. ఈ మూడోదాన్ని మన పత్రికల్లో చెప్పకుండా దాటేసే అలవాటు ఒకటి ఉంది. అది మంచి అలవాటు కాదు.

1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపాక విషయం భద్రతా మండలికి ఎక్కింది. 1962 నవంబర్ 6న సర్వప్రతినిధి సభ దక్షిణాఫ్రికాతో సంబంధాలు తెంచుకోమని సభ్యదేశాలను కోరి, ఒక ప్రత్యేక సంఘాన్ని కూడా ఏర్పాటు చేసింది. పాశ్చాత్య దేశాల్లో ఒక్కటీ అందులో చేరడానికి ఒప్పుకోలేదు. సంఘాన్ని అవమానిద్దామని చేసిన పని, సంఘానికి వరమైంది. మాటను మెత్తబరిచేవాళ్లు, విశేషణాలు తగ్గించమనేవాళ్లు లోపల లేకుండాపోయారు.

ఆ సంఘానికి కార్యదర్శిగా వచ్చినవారు ఎనుగ శ్రీనివాసులు రెడ్డి. గూడూరు ప్రాంతంలో 1924లో పుట్టిన తెలుగువారు, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివారు, పై చదువుకు న్యూయార్క్ వెళ్లి 1949లో ఐక్యరాజ్య సమితిలో ఉద్యోగంలో చేరారు. ప్రపంచంలో ఇ.ఎస్. రెడ్డి అంటే తెలిసినంతగా మన జిల్లాల్లో ఆయన పేరు తెలియదు. 2013లో దక్షిణాఫ్రికా ఆయనను ఆలివర్ టాంబో పురస్కారంతో గౌరవించింది, 2020లో ఆయన పోయారు. ఆయన పని ఏమిటో చూడండి. ఖైదీల పేర్లు సేకరించడం. ఉరిశిక్షలు పడినవాళ్ల జాబితాలు తయారుచేయించడం. ప్రవాసంలో ఉన్న నాయకులను పిలిపించి సంఘం ముందు మాట్లాడించడం. ఎవరు ఆయుధాలు అమ్ముతున్నారో, ఏ దేశపు పెట్టుబడి ఎక్కడుందో కాగితం మీద పెట్టడం. అంటే వాక్యాల్లో ఖాళీగా ఉన్న కర్త స్థానాల్లో ఒక్కొక్కటిగా పేర్లు నింపడం.

1963 అక్టోబర్ 9న నెల్సన్ మండేలా, ఆయన సహచరుల మీద రివోనియా విచారణ మొదలైంది. రెండురోజులకే, 11న, సర్వప్రతినిధి సభ రాజకీయ ఖైదీలందరినీ విడిచిపెట్టాలని తీర్మానించింది. 106 ఓట్లు అనుకూలం, వ్యతిరేకంగా ఒక్కటి, అది దక్షిణాఫ్రికాదే. ఉరి తప్పదని చాలామంది భయపడ్డారు. 1964 జూన్ 12న యావజ్జీవ శిక్ష పడింది.

ఇప్పుడు క్రియల దగ్గరికి వద్దాం. భద్రతా మండలి తీర్మానాల్లో క్రియలకు మెట్లున్నాయి. “గమనిస్తున్నది” అన్నది అట్టడుగు మెట్టు. “ఆందోళన వెలిబుచ్చుతున్నది”, “ఖండిస్తున్నది”, “కోరుతున్నది” ఇవన్నీ ఒకదాని మీదొకటి. పై మెట్టు మీద “నిర్ణయిస్తున్నది” ఉంటుంది. చార్టరు ఏడో అధ్యాయం కింద ఈ క్రియ పడితే సభ్యదేశాలన్నీ కట్టుబడాలి. 1963 ఆగస్టు 7న దక్షిణాఫ్రికాకు ఆయుధాలు అమ్మవద్దని మండలి చెప్పింది. క్రియ, “కోరుతున్నది”. బ్రిటన్, ఫ్రాన్స్ ఓటు వెయ్యలేదు. కోరితే ఇవ్వాలని ఎక్కడుంది? ఫ్రాన్స్ మిరాజ్ విమానాలు అమ్మింది. 1974 అక్టోబర్ 30న దక్షిణాఫ్రికాను సమితి నుంచి వెళ్లగొట్టాలన్న తీర్మానాన్ని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ ఒకేసారి వీటో చేశాయి. రెండు వారాలకు సర్వప్రతినిధి సభ తన చేతిలో ఉన్నంతవరకు చేసింది, ఆ దేశ ప్రతినిధులను సభలో పాల్గొననివ్వలేదు.

1976 జూన్ 16న సొవేటోలో బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. ఎందుకు? పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో లెక్కలూ సాంఘికశాస్త్రమూ చదవమన్నందుకు. భాషాబోధకుడిగా ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగిపోతాను. పోలీసులు పిల్లల్ని కాల్చారు. 1977 సెప్టెంబర్ 12న స్టీవ్ బీకో పోలీసుల నిర్బంధంలో చనిపోయాడు. నవంబర్ 4న భద్రతా మండలి 418వ తీర్మానం ఏకగ్రీవంగా చేసింది. ఆయుధాల అమ్మకం ఆపాలని “నిర్ణయిస్తున్నది”. ఒక సభ్యదేశం మీద తప్పనిసరి ఆంక్షలు విధించడం సమితి చరిత్రలో అదే మొదటిసారి. “కోరుతున్నది” నుంచి “నిర్ణయిస్తున్నది” దాకా ఒక్క క్రియ మారడానికి 14 ఏళ్లు. అందుకు చెల్లించిన మూల్యం సొవేటో స్మశానాల్లో ఉంది.

అప్పుడు కూడా ఆయుధాలే. పెట్రోలు మీద భద్రతా మండలి తప్పనిసరి ఆంక్ష చివరిదాకా రాలేదు. 1935లో కంచరగాడిదల జాబితా రాసిన చెయ్యి ఇంకా బతికే ఉందన్నమాట. కాబట్టి ఆ ఖాళీని బయటివాళ్లు పూరించారు. ఆమ్‌స్టర్‌డాంలో కొందరు కూర్చుని ఏ ఓడ ఎక్కడ చమురు నింపుకుని దొంగచాటుగా ఏ రేవులో దింపిందో ఆరాతీసి పేర్లతో ప్రకటించారు. డబ్లిన్‌లో 1984 జూలైలో ఒక అంగడిలో పనిచేసే యువతి దక్షిణాఫ్రికా పండ్లకు బిల్లు వెయ్యనన్నది. ఆమెను పనిలోంచి పక్కనపెడితే తోటివాళ్లు సమ్మెకు దిగారు. దాదాపు మూడేళ్లు అంగడి బయట నిలబడ్డారు. 1987లో ఐర్లండ్ ప్రభుత్వం ఆ పండ్లూ కూరగాయల దిగుమతిని నిషేధించింది. వీటో లేని చోట ఓటు వేసిన మనిషి ఆమె.

నైరుతి ఆఫ్రికా సంగతి మధ్యలో వదిలాను. 1960లో అంతర్జాతీయ న్యాయస్థానంలో దక్షిణాఫ్రికా మీద దావా వేసిన రెండు దేశాల్లో ఒకటి లైబీరియా, రెండోది ఇథియోపియా. అవును, ఆ అబిసీనియాయే. ఆరేళ్లు విచారించి 1966 జూలైలో న్యాయస్థానం, మీకు ఇందులో చట్టబద్ధమైన ప్రయోజనం లేదు పొమ్మన్నది. ఏడుగురు ఇటు, ఏడుగురు అటు, అధ్యక్షుడి అదనపు ఓటుతో తీర్పు. పవిత్ర బాధ్యతకు దావా వేసే హక్కుదారు లేడన్నమాట! 1919 నాటి వాక్యంలోని ఖాళీ నలభై ఏడేళ్ల తర్వాత ఇట్లా పనిచేసింది. మరుసటి నెలలోనే స్వాపో గెరిల్లాలకూ దక్షిణాఫ్రికా బలగాలకూ మొదటి పోరు జరిగింది. 1971లో అదే న్యాయస్థానం దక్షిణాఫ్రికా అక్కడ ఉండటమే చట్టవిరుద్ధమన్నది. 1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైంది.

ఇవన్నీ అగ్రరాజ్యాల ఆటలు, వీటితో జనానికి ఒరిగేదేమీ లేదని వాదించే మిత్రులకు మశూచి కథ గుర్తుచేస్తాను. మన ఊళ్లలో దాన్ని రోగమనేవాళ్లు కాదు, “అమ్మవారు పోసింది” అనేవాళ్లు. 1958లో ప్రపంచ ఆరోగ్య సభ అమెరికాలోని మినియాపోలిస్‌లో కూర్చున్నప్పుడు సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానోవ్ లేచి, మశూచిని భూమి మీద లేకుండా చేద్దామన్నాడు. అమెరికన్లను ఒప్పించడానికి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు వాళ్ల జెఫర్సన్ రాసిన ఉత్తరాన్నే ఉదహరించాడు. 1967లో పని గట్టిగా మొదలైతే దాన్ని నడిపించింది హెండర్సన్ అనే అమెరికన్, టీకామందు పెద్దమొత్తంలో ఇచ్చింది సోవియట్ యూనియన్. మన దేశంలో 1974లో సుమారు 1,88,000 మందికి సోకి 31,000 మందికి పైగా చనిపోయారు. ఆ కాలంలో ఆరోగ్య కార్యకర్తలు మచ్చలున్న పసిబిడ్డ బొమ్మ చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఈ మచ్చలు ఎవరికైనా ఉన్నాయా అని అడిగారు. 1975 మేలో అస్సాంలో బయటపడ్డ రోగితో ఇండియాలో అది ఆఖరు. ఆ తర్వాత రోగిని చూపిస్తే వెయ్యి రూపాయలిస్తామన్నారు. 1980 మే 8న మశూచి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ తీర్మానంలో క్రియకు కర్త ఉన్నాడు, తలుపు తట్టే మనిషి. ఎవడి లాభానికీ అడ్డురాని పని కాబట్టి సాగిందని వాదించవచ్చు. ఆ వాదంలో నిజముంది. దానికి సమాధానం నా దగ్గర కొంతే ఉంది. అగ్రరాజ్యాలు రెండూ అణుబాంబులు గురిపెట్టుకున్న కాలంలో కూడా ఆ పని సాగింది కదా.

చివరగా 1994 ఏప్రిల్. ఆ నెలలో రెండు సంగతులు జరిగాయి.

రువాండాలో ఏప్రిల్ 7 నుంచి టుట్సీల ఊచకోత మొదలైంది. జనవరి 11నాడే అక్కడి ఐక్యరాజ్య సమితి సేనాధిపతి డలేర్, ఆయుధాలు దాస్తున్నారు, పట్టుకుంటాను, అనుమతించండి అని న్యూయార్క్‌కు తంతి పంపాడు. మీ అధికార పరిధి కాదు, వద్దని జవాబొచ్చింది. ఏప్రిల్ 21న భద్రతా మండలి, సుమారు 2,500 మంది సైనికులను 270కి తగ్గించాలని “నిర్ణయించింది”. పై మెట్టు మీది క్రియే, సందేహం లేదు. ఏప్రిల్ 26 నుంచి దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు మొదటిసారి ఓటు వేశారు. మైళ్ల కొద్దీ బారులు తీరారు. ఏప్రిల్ 30న మండలి అధ్యక్షుడు రువాండా మీద ఒక ప్రకటన చదివాడు. ఒక జాతిని పూర్తిగానో కొంతగానో నాశనం చేసే ఉద్దేశంతో చంపడం అంతర్జాతీయ చట్టం కింద శిక్షార్హమని అందులో ఉంది. అది 1948 నాటి జాతిహనన ఒడంబడికలోని నిర్వచనం. నిర్వచనం ఉంది, “జాతిహననం” అన్న పేరు లేదు. వెనకటి ఇల్లాళ్లు భర్త పేరు నోటితో చెప్పకుండా చుట్టూ తిప్పి చెప్పినట్టు చెప్పారు. పేరు చెబితే ఆపాల్సిన బాధ్యత మీద పడుతుంది. ఆ మాటను 1944లో లెమ్కిన్ అనే న్యాయవాది తయారుచేసిందే, ఇటువంటి నేరానికి పేరు లేక నేరస్తులు తప్పించుకుంటున్నారని.

దక్షిణాఫ్రికా కోసం ముప్పై ఏళ్లు పేర్లు నింపిన మనుషులున్నారు. డబ్లిన్‌లో ఉన్నారు, న్యూయార్క్‌లో ఉన్నారు, డర్బన్‌లో సరేసరి. రువాండా కోసం ఆ వంద రోజుల్లో ఏ రేవులోనూ ఏ అంగడిలోనూ ఎవరూ పని ఆపలేదు. ఆ సంవత్సరం రువాండా భద్రతా మండలిలో సభ్యదేశం కూడా. చంపిస్తున్న ప్రభుత్వం ప్రతినిధి ఆ బల్ల దగ్గరే కూర్చుని, చంపడం గురించి రాస్తున్న వాక్యాల మీద తన అభిప్రాయం చెబుతూ వచ్చాడు.

జూన్ 8న మండలి తీర్మానంలో ఆ మాట ఎట్టకేలకు కనిపించింది, “జాతిహనన చర్యలు” జరిగినట్టు వార్తలు వస్తున్నాయని. చర్యలు జరిగాయట, వార్తలు వచ్చాయట. జూన్ 23న సర్వప్రతినిధి సభలో ఇరవై ఏళ్లుగా ఖాళీగా ఉన్న దక్షిణాఫ్రికా స్థానంలో కొత్త ప్రభుత్వపు ప్రతినిధులు వచ్చి కూర్చున్నారు. ఆ వారం రువాండాలో చంపడం ఇంకా ఆగలేదు.